మన పొరుగువారి విశ్వాసంలో రక్షకుడు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ వేదిక మీద ఏటా చదువుల గురించి, ఉద్యోగాల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, జకాత్ పంపకం గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. అవి అవసరమే, కాదనం. అయితే ఈసారి మేము కొంచెం భిన్నమైన విషయాన్ని ఎన్నుకున్నాం. మన క్రైస్తవ సోదరులు తమ రక్షకుడైన యేసుక్రీస్తును గురించి ఏమి నమ్ముతారు? ఆయన ఎవరంటారు? ఏ పని మీద ఈ లోకానికి వచ్చారంటారు? ఈ రెండు ప్రశ్నలకు వారి జవాబు ముందు తెలుసుకుని, ఆ తరువాత మన మాట మనం చెప్పుకుందాం.

ఇది మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. కాజీపేటనే చూడండి. హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ (రహ్మతుల్లా అలైహ్) దర్గా ఉన్నది కాజీపేటలోనే. వరంగల్ కథోలిక మేత్రాసనం వారి పెద్ద చర్చి ఉన్నదీ అక్కడి ఫాతిమానగర్‌లోనే. ఆ మేత్రాసనం 1952లో ఏర్పడింది. ఫాతిమా అనే పేరు విని మనలో కొందరు ఇదేదో మన మొహల్లా అనుకుంటారు. పోర్చుగల్ దేశంలో ఫాతిమా అనే చిన్న గ్రామం ఉంది. 1917లో ఆ గ్రామం దగ్గర ముగ్గురు పశువుల కాపరి పిల్లలు తమకు మరియమ్మ కనిపించిందని చెప్పారు. ఆమెనే ఫాతిమా మాత అంటారు. మరి పోర్చుగల్‌లో ఆ గ్రామానికి ఆ పేరు ఎక్కడిది? ఆ దేశంలో ముస్లింల పాలన సాగిన కాలం నుంచి మిగిలిన అరబ్బీ పేరది. మన ప్రవక్త (స) కూతురి పేరు అట్లా దేశాలు తిరిగి, కథోలిక చర్చి ద్వారా మన కాజీపేటకు చేరింది. పొరుగువారి ఇంటి గోడలు మనం అనుకున్నంత దూరంగా లేవని చెప్పడానికే ఈ మాట ఎత్తాం.

మన పిల్లలు ఎందరో మిషన్ స్కూళ్లలో చదువుతున్నారు. డిసెంబరులో స్కూల్లో క్రిస్మస్ కార్యక్రమం చూసి ఇంటికొచ్చిన పిల్లవాడు, "అమ్మీ, యేసు అంటే మన ఈసా నబీయే గదా? మరి వాళ్లు దేవుడి కొడుకంటారెందుకు?" అని అడుగుతాడు. దీనికి మన ఇళ్లలో సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. ఒకటి, "అవి తప్పు మాటలు, నువ్వు వినకు" అని నోరు మూయించడం. రెండోది, "అన్నీ ఒక్కటే బేటా" అని దాటవేయడం. మొదటి జవాబు పొరుగువారికి అన్యాయం. రెండో జవాబు వారికీ మనకూ కూడా అన్యాయం. ఎందుకంటే అన్నీ ఒక్కటి కావు. ఆ తేడా ఏమిటో సరిగ్గా తెలిసినవాడు పొరుగువాణ్ణి అవమానించడు, తన విశ్వాసాన్నీ పోగొట్టుకోడు. మేము ఈవేళ చెప్పదలచుకున్నది ఇంతే.

ముందు మన చరిత్రలోకి చూద్దాం. మక్కాలో హింస భరించలేక కొందరు ముస్లింలు క్రీ.శ. 615 ప్రాంతంలో అబిసీనియాకు వలస వెళ్లారు. ఆ దేశపు రాజు నజాషీ క్రైస్తవుడు. ఆయన దర్బారులో హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) సూరె మర్యం వినిపిస్తే రాజు కంట నీరు పెట్టుకున్నాడని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) గురించి మీరేమంటారని రాజు సూటిగా అడిగాడు. ఆశ్రయం ఇచ్చిన రాజు ముందు కూడా జాఫర్ (రజి) ఉన్నది ఉన్నట్లు చెప్పారు. ఆయన దేవుని దాసుడు, ప్రవక్త, కన్య అయిన మర్యంకు కలిగినవాడు అన్నారు. రాజు మెప్పు కోసం ఒక్క మాట కలపలేదు, ఒక్క కటువు మాట ఆడలేదు.

తరువాత మదీనాలో నజ్రాన్ నుంచి క్రైస్తవ పెద్దల బృందం వచ్చింది. దైవప్రవక్త (స) వారిని మస్జిదె నబవీలోకి రానిచ్చారు. తమ ప్రార్థన వేళ అయినప్పుడు వారు తూర్పుముఖంగా నిలిచి ప్రార్థన చేసుకోగా అడ్డు చెప్పవద్దన్నారని ఇబ్నె ఇస్‌హాక్ సీరత్‌లో ఉంది. ఈసా (అ.స.) విషయంలో వాదం జరిగింది. ఏకాభిప్రాయం కుదరలేదు. అయినా వారి ప్రాణాలకు, ఆస్తులకు, మతానికి రక్షణ ఇస్తూ ఒప్పందం వ్రాయించారు. గమనించండి. మాట కలవలేదు, మర్యాద తప్పలేదు. మనకు ఇంతకన్నా వేరే నమూనా ఎందుకు?

ఇక అసలు విషయానికి వద్దాం. మొదట పేరు సంగతి. యేసు అనే హీబ్రూ పేరుకు దేవుడు రక్షిస్తాడని అర్థం. క్రీస్తు అనేది ఇంటిపేరు కాదు, బిరుదు. హీబ్రూలో మెస్సీయ, గ్రీకులో క్రిస్తోస్, అరబ్బీలో మసీహ్. అభిషేకం పొందినవాడని దాని భావం. పూర్వం ఇస్రాయేలు జాతిలో రాజుకూ యాజకుడికీ తల మీద తైలం పోసి అభిషేకించేవారు. అటువంటి ఒక అభిషిక్తుడు వస్తాడని యూదులు ఎదురుచూశారు. ఆయనే యేసు అని క్రైస్తవులు నమ్ముతారు. ఈ బిరుదును ఖుర్ఆన్ కూడా ఆయనకే ఇచ్చింది, మరెవరికీ ఇవ్వలేదు. అంటే మసీహ్ ఎవరన్న ప్రశ్నకు ఇద్దరి జవాబూ ఒకటే. మసీహ్ అంటే ఏమిటి అన్నచోటనే దారులు వేరవుతాయి.

ఆయన స్వభావం విషయంలో క్రైస్తవుల మాట ఏమిటి? మనవాళ్లలో చాలామంది వారు ముగ్గురు దేవుళ్లను కొలుస్తారనుకుంటారు. ఏ పాస్టరుగారినైనా, ఏ ఫాదర్‌గారినైనా అడిగి చూడండి. దేవుడు ఒక్కడే అని మొదటి మాటగా చెప్తారు. ఆ ఒక్క దేవుడే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మగా ఉన్నాడని, ముగ్గురిదీ ఒకే దైవత్వమని, దీన్నే త్రిత్వం అంటారని వివరిస్తారు. ఇది మన తౌహీద్‌తో పొసగదు. ఆ సంగతి మనకూ తెలుసు, వారికీ తెలుసు. కానీ వారు ఒప్పుకోని మాటను వారికి అంటగట్టి, దాన్ని ఖండించి గెలిచామనుకోవడం ఇన్సాఫ్ కాదు.

అట్లాగే దేవుని కుమారుడన్న మాట. దేవుడు ఒక స్త్రీతో కూడి కొడుకును కన్నాడని ఏ క్రైస్తవుడూ నమ్మడు. ఆ మాట వింటే మనకెంత రోత కలుగుతుందో వారికీ అంతే కలుగుతుంది. ఇక్కడ ఒక చిన్న ఉదాహరణ చెప్తాం. జకాత్ ఎవరికి చెందుతుందో ఖుర్ఆన్ ఎనిమిది పద్దులు చెప్పింది గదా. అందులో ఒకటి ఇబ్నుస్సబీల్. మాటకు మాట చూస్తే దారి కొడుకు అని అర్థం. దారి ఎవరినైనా కంటుందా? బాటసారి అని అందరికీ తెలుసు. కుమారుడు అనే మాట అన్నిచోట్లా రక్తసంబంధాన్నే చెప్పదని మన భాషలోనే ఉంది.

అయితే ఇక్కడ ఆగి, "ఇదంతా ఉత్త ఉపమానమే, కాబట్టి తేడా ఏమీ లేదు" అనుకుంటే మళ్లీ పొరపాటే. క్రైస్తవులు దాన్ని ఉపమానంగా మాత్రమే అనరు. కుమారుడు అనాది నుంచి తండ్రితో ఉన్నాడని, సృష్టి కాడని, తండ్రి సత్త్వమే ఆయన సత్త్వమని వారి నమ్మకం. ఈ మాట వారిలో కూడా ఊరికే తేలలేదు. నాల్గవ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో అరియస్ అనే గురువు, కుమారుడు కూడా సృష్టించబడినవాడేనని, ఆయనకు ఆది ఉన్నదని బోధించాడు. పెద్ద గొడవ జరిగింది. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ 325లో నైసియా అనే పట్టణంలో బిషప్పుల సభ పిలిచాడు. నేటి టర్కీలోని ఇజ్నిక్ ఆ ఊరే. ఆ సభ అరియస్ మాటను త్రోసిపుచ్చి, కుమారుడు తండ్రితో ఏకసత్త్వం గలవాడని తీర్మానించింది. 2025తో దానికి 1700 ఏళ్లు నిండాయి. నేటికీ మన జిల్లాలోని కథోలిక చర్చిలోనూ, దక్షిణ ఇండియా సంఘం చర్చిలోనూ జనం నిలబడి చెప్పే విశ్వాస ప్రమాణానికి మూలం ఆ సభే.

అరియస్ పేరు విని, "అట్లయితే ఆయన మనవాడే" అని సంబరపడేవారున్నారు. అదీ సరికాదు. అరియస్ కూడా కుమారుడి ద్వారానే లోకమంతా సృష్టించబడిందని అన్నాడు. మనం అట్లా అనం. ఎవరి మాట వారిదే. చరిత్రలో నుంచి మనకు నచ్చిన ముక్క తుంచుకుని జెండా కట్టుకోవడం మంచి పద్ధతి కాదు.

నైసియా తరువాత మరో ప్రశ్న లేచింది. ఆయన దేవుడైతే మరి ఆకలి వేయడమేమిటి, అలసి నిద్రపోవడమేమిటి, ఏడవడమేమిటి? ఈ ప్రశ్న మనమూ వేస్తాం. దీనికి 451లో కాల్సెడన్ సభ జవాబు చెప్పింది. క్రీస్తు ఒకే వ్యక్తి, కానీ ఆయనలో దైవ స్వభావం, మానవ స్వభావం రెండూ సంపూర్ణంగా ఉన్నాయి. రెండూ కలగాపులగం కావు, విడిపోవు అని ఆ సభ తేల్చింది. ఈజిప్టు, ఆర్మీనియా, సిరియా దేశాల ప్రాచీన సంఘాలు కొన్ని ఈ తీర్పును అంగీకరించలేదు. కేరళలోని మలంకర ఆర్థడాక్స్ వారు ఆ వరుసలోని వారే. మన తెలుగు ప్రాంతంలోని కథోలికులు, బాప్టిస్టులు, లూథరన్లు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా సంఘం వారు రెండు స్వభావాల మాటనే నమ్ముతారు. కాబట్టి "ఆయన అన్నం తిన్నాడు గదా, దేవుడెట్లా అవుతాడు?" అని మనం అడిగితే వారు తడబడరు. అవును తిన్నాడు, నిజంగా మనిషి గనుక తిన్నాడు అంటారు. మన ప్రశ్న మనకు బలమైనదే. దానికి వారు ఏనాడో జవాబు ఆలోచించి పెట్టుకున్నారని తెలిసి అడగడం మర్యాద.

వాక్యం అన్న మాటను గురించి కూడా చెప్పాలి. దేవుని వాక్యమే శరీరం ధరించి మనుషుల మధ్య నివసించిందని యోహాను సువార్త ఆరంభంలోని భావం. ఖుర్ఆన్ కూడా ఈసా (అ.స.)ను అల్లాహ్ నుంచి వచ్చిన కలిమా అంటుంది. మన ఉలేమాలు దాన్ని, తండ్రి లేకుండా అల్లాహ్ ఆజ్ఞతో పుట్టినందున అట్లా అన్నారని వివరిస్తారు. ఇక్కడ ఒక పోలిక మనకు బాగా పనికొస్తుంది. మనం సాధారణంగా బైబిలును ఖుర్ఆన్‌తో, యేసును ముహమ్మద్ (స)తో పోల్చి చూస్తాం. ఆ పోలిక సరిగా అతకదు. మన విశ్వాసంలో దేవుని కలామ్ గ్రంథరూపంలో దిగింది. వారి విశ్వాసంలో దేవుని వాక్యం మనిషి రూపంలో వచ్చింది. అంటే మన గుండెలో ఖుర్ఆన్ ఉన్నచోట వారి గుండెలో క్రీస్తు ఉన్నాడు. ఖుర్ఆన్ గురించి ఎవరైనా ఎకసెక్కంగా మాట్లాడితే మనకెట్లా ఉంటుందో, క్రీస్తు గురించి మాట్లాడితే వారికి అట్లాగే ఉంటుంది. ఈ ఒక్క సంగతి జ్ఞాపకం పెట్టుకున్నా టీకొట్టు దగ్గర మొదలయ్యే సగం తగాదాలు ఆగిపోతాయి.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఆయన ఏ పని మీద వచ్చారు? క్రైస్తవుల జవాబులో మూడు భాగాలున్నాయి.

మొదటిది, దేవుని రాజ్యం ప్రకటించడం. నజరేతు ఊరి సమాజమందిరంలో ఆయన యెషయా ప్రవక్త గ్రంథం తెరిచి, బీదలకు శుభవార్త, చెరలో ఉన్నవారికి విడుదల, గుడ్డివారికి చూపు అన్న భాగం చదివి, ఇది ఈవేళ నెరవేరిందన్నారని లూకా సువార్తలో ఉంది. రోగుల్ని బాగుచేయడం, జనం వెలివేసినవారితో కలిసి భోజనం చేయడం ఆయన పనిలో భాగాలు.

రెండోది, సిలువ. వారి దృష్టిలో అసలైన పని ఇదే. ఆదాము చేసిన అవిధేయత వల్ల మానవజాతి మొత్తం పాపం కిందికి వచ్చిందని, మనిషి తన సత్కార్యాలతో తనను తాను విడిపించుకోలేడని, పాపం లేని క్రీస్తు అందరి బదులు సిలువ మీద ప్రాణం ఇచ్చి ఆ విడుదల సంపాదించాడని నమ్ముతారు. యూదయ దేశపు రోమన్ గవర్నరు పొంతి పిలాతు కాలంలో ఇది జరిగిందంటారు. ఆ మరణం రక్షణను ఎట్లా సంపాదించిందన్న విషయంలో వారి పండితులు అందరూ ఒకే తీరుగా చెప్పరు. బందీలను విడిపించిన మూల్యమని తొలి శతాబ్దాల వారు అన్నారు. దేవుని గౌరవానికి జరిగిన లోటు తీర్చడమని పదకొండో శతాబ్దం చివర అన్సెల్మ్ అన్నాడు. మనకు పడవలసిన శిక్ష ఆయన భరించాడని ప్రొటెస్టెంట్ బోధకులు ఎక్కువగా చెప్తారు. దేవుని ప్రేమ ఎంతటిదో చూపి మనసు మార్చడమే దాని బలమని ఇంకొందరంటారు. దారులు వేరైనా సిలువే మూలమన్న విషయంలో అందరిదీ ఒకే మాట.

మూడోది, పునరుత్థానం, రాకడ. మూడో రోజున ఆయన సమాధి నుంచి లేచారని, పరలోకానికి ఎక్కారని, మళ్లీ వచ్చి తీర్పు తీరుస్తారని వారి నమ్మకం. గుడ్ ఫ్రైడే రోజు మధ్యాహ్నం మన ఊరి చర్చీలలో మూడు గంటలసేపు, సిలువ మీద ఆయన పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు జరుగుతాయి. ఈస్టర్ తెల్లవారుజామున చాలాచోట్ల సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి పాడతారు. తమ చనిపోయినవారు కూడా లేస్తారన్న ఆశతో చేసే పని అది.

ఈ బోధ మన ప్రాంతంలో ఎవరి చెవిన ఎట్లా పడిందో చూడకపోతే విషయం సగమే అవుతుంది. పూర్వపు వరంగల్ జిల్లాలో, ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో డోర్నకల్ ఉంది. మనకు రైల్వే జంక్షన్‌గా తెలుసు. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన వి.ఎస్. అజరయ్య అనే తమిళుడు 1909లో అక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకుని పనిచేశారు. 1912లో డోర్నకల్ బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడాయనే. 1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, మీరు మాకు ఎన్నో ఇచ్చారు గాని మాకు కావలసింది మీ స్నేహం అని తెల్లదొరల ముఖం మీదే చెప్పిన మనిషి. ఆయన సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను వెళ్లగొట్టాలని ఆయన ఊరూరా చెప్పేవారు.

అప్పు అనే దయ్యం సంగతి తెలంగాణవారికి వేరే చెప్పాలా? ఆ రోజుల్లో ఇక్కడ భగేలా పద్ధతి ఉండేది. తండ్రి చేసిన అప్పుకు కొడుకు దొర ఇంట్లో చాకిరీ చేయాలి. వడ్డీ తీరదు, మనిషి విడుదల కాడు. నిజాం ప్రభుత్వం 1936లో ఆ ఒప్పందాల మీద శాసనం చేసినా పద్ధతి అంత త్వరగా పోలేదు. స్వతంత్ర భారతంలో వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లో చట్టం చేయవలసి వచ్చింది. ఇప్పుడు ఆలోచించండి. విమోచకుడు అన్న మాటకు అసలు అర్థం మూల్యం చెల్లించి బానిసను విడిపించేవాడని. నీ అప్పు ఇంకొకడు తీర్చేశాడు, నువ్వు స్వేచ్ఛగా వెళ్లవచ్చు అన్న మాట భగేలా చెవిన పడితే అతనికి ఎట్లా వినిపించి ఉంటుంది? ఆ బోధ అతనికి పుస్తకంలోని సిద్ధాంతంలా కాక తన ఇంటి సంగతిలా వినిపించి ఉంటుంది. "గోధుమల కోసం మతం మారారు" అని తేలికగా అనేసేవారు ఈ కోణం చూడటం లేదని మా మనవి.

డోర్నకల్‌లో అజరయ్యగారు కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. వీలైతే ఒకసారి వెళ్లి చూడండి. దూరం నుంచి చూస్తే మజీదేమో అనిపించే గుమ్మటాలు, మినార్లు ఉంటాయి. లోపల గుడి మండపాన్ని తలపించే స్తంభాలు, వాటి మీద తామరపువ్వు, సిలువ ఉంటాయి. క్రీస్తును నమ్మడానికి దొరల వేషం అక్కరలేదని, ఈ గడ్డ మీది హిందువుల, ముస్లింల శిల్పంలోనే ఆయన్ను ఆరాధించవచ్చని అజరయ్యగారి ఉద్దేశం. మన గుమ్మటాన్ని వారు గౌరవంగా తీసుకున్నారు. వారి మాటను మనం కనీసం గౌరవంగా విందాం.

విన్న తరువాత మన మాట ఏమిటి? దాన్ని నీళ్లు కలపకుండా చెప్పుకోవాలి.

కలిసేచోట్లు చాలా ఉన్నాయి. ఈసా (అ.స.) తండ్రి లేకుండా కన్య మర్యంకు పుట్టారని నమ్ముతాం. ఖుర్ఆన్‌లో పేరు పెట్టి చెప్పబడిన స్త్రీ ఆమె ఒక్కరే. ఆమె పేరిట పూర్తి సూరానే ఉంది. ఆయన అల్లాహ్ అనుమతితో రోగుల్ని బాగుచేశారని, మృతుల్ని లేపారని, ఆయనకు ఇంజీల్ ఇవ్వబడిందని, ఆయన ఆకాశానికి ఎత్తబడ్డారని, ప్రళయానికి ముందు మళ్లీ వస్తారని నమ్ముతాం. ఆయన్ను ప్రవక్తగా నమ్మనివాడు ముస్లిమే కాడు.

విడిపోయేచోట్లు మూడు. ఒకటి, ఆయన దాసుడు, ప్రవక్త. దేవుడు కాడు, దేవుని కుమారుడూ కాడు. ఇందులో మనకు సందు లేదు. రెండు, ఆయన్ను చంపలేదు, సిలువ వేయలేదు, వారికి అట్లా భ్రమ కల్పించబడిందని సూరె నిసా చెబుతున్నది. మూడు, పాపం సంగతి. ఆదం (అ.స.) తప్పు చేశారు, తౌబా చేశారు, అల్లాహ్ క్షమించాడు. ఆ లెక్క అక్కడితో తీరిపోయింది. ఒకరి బరువు మరొకరు మోయరు. మనిషికీ అల్లాహ్‌కూ మధ్య క్షమాపణకు వేరే మూల్యం అక్కరలేదు, నిజమైన తౌబా చాలు.

ఈ మూడూ చిన్న తేడాలు కావు. వారికి సిలువ తీసేస్తే విశ్వాసమే ఉండదు. మనకు దాన్ని చేరిస్తే తౌహీద్ ఉండదు. అందుకే "అన్నీ ఒక్కటే" అనే మాట వినడానికి తియ్యగా ఉన్నా నిజం కాదని మొదట్లోనే మనవి చేశాం.

మరి తేడా ఇంత పెద్దదైతే కలిసి బతకడమెట్లా? వాదించి గెలవడం ఒక దారి అని మన పెద్దలు కొందరు అనుకున్నారు. 1854లో ఆగ్రాలో మౌలానా రహమతుల్లా కైరానవీకి, ఫాండర్ అనే మిషనరీకి మధ్య రెండు రోజులు పెద్ద మునాజరా జరిగింది. చదువుకున్న పండితులిద్దరూ గ్రంథాలు ముందు పెట్టుకుని వాదించారు. ఆనాటి పరిస్థితిలో దాని అవసరం దానిది. కానీ ఈనాడు గ్రంథం తెరవనివారు సెల్‌ఫోన్లో వచ్చిన రెండు నిమిషాల వీడియో చూసి పొరుగింటివారి మీద మునాజరాకు దిగుతున్నారు. దాని వల్ల దీన్‌కు ఏ లాభమూ లేదు, మొహల్లాలో సలాం నమస్తేలు మాత్రం ఆగిపోతున్నాయి.

ఇంకో దారి కూడా ఉంది. 1930లో లాహోరులో క్రైస్తవులు హెన్రీ మార్టిన్ పేర ఇస్లాం అధ్యయనం కోసం ఒక సంస్థ పెట్టారు. 1971లో అది హైదరాబాదుకు వచ్చింది. మొదట్లో ముస్లింల మధ్య మిషనరీ పనికి తయారుచేయడం దాని ఉద్దేశం. కాలక్రమంలో మతాల మధ్య అవగాహన, శాంతి పని వైపు మళ్లింది. 1965లో వాటికన్ మహాసభ, ముస్లింలు ఏకదేవుణ్ణి ఆరాధిస్తారని, యేసును దేవుడని ఒప్పుకోకపోయినా ప్రవక్తగా గౌరవిస్తారని, మరియమ్మను సన్మానిస్తారని ప్రకటించింది. 2007లో 138 మంది ముస్లిం పండితులు క్రైస్తవ పెద్దలకు లేఖ వ్రాసి, దైవప్రేమ, పొరుగువారిపై ప్రేమ అనే రెండింటి మీద నిలబడి మాట్లాడుకుందామన్నారు. ఎవరూ తమ విశ్వాసం వదులుకోలేదు. మన మాటలను వారు చదువుతున్నారు. వారి మాటలను మనలో ఎందరు చదివారు?

మన సంఘం సభ్యులకు మూడు మనవులు. పిల్లవాడు అడిగితే నోరు మూయించకండి. వాళ్ల నమ్మకం ఇది, మన నమ్మకం ఇది, ఇందుకోసం అని కూర్చోబెట్టి చెప్పండి. తెలియకపోతే తెలుసుకుని చెప్పండి. రెండోది, గుడ్ ఫ్రైడేనాడు సిలువ గురించి, క్రిస్మస్‌నాడు కుమారత్వం గురించి వాదం పెట్టకండి. దుఃఖంలో, పండుగలో ఉన్నవారితో వాదించడం ఏ మతంలోనూ మర్యాద కాదు. మూడోది, జకాత్ పద్దుల్లో ఇబ్నుస్సబీల్ ఒక్కడే లేడు. బానిసల విడుదల ఉంది, అప్పుల్లో మునిగినవాడున్నాడు. జకాత్ పద్దు దానిదే, దాని నియమాలు దానివే. కానీ సదకాకు ఇల్లూ మతమూ అడ్డం లేవు. ఒకరి పాపాన్ని ఇంకొకరు తీర్చలేరని మన విశ్వాసం. ఒకరి అప్పును మాత్రం ఇంకొకరు తీర్చవచ్చు. ఆస్పత్రి బిల్లు కట్టలేక కూర్చున్న మనిషి దర్గా వీధివాడా, ఫాతిమానగర్‌వాడా అని అడగకుండా సంఘం చేయి చాచగలిగితే, మసీహ్ (అ.స.) బీదల కోసం వచ్చారన్న మాటను ఇద్దరం కలిసి గౌరవించినట్లే.

మిగిలిన తేడాల తీర్పు అల్లాహ్ దగ్గర ఉంది. ఆ రోజు వచ్చేదాకా మంచి పనుల్లో ఒకరితో ఒకరు పోటీపడమని మనకు ఆజ్ఞ.  క్రైస్తవ మిత్రులు తమ విశ్వాసాన్ని మేము చెప్పిన తీరులో ఏదైనా సరిదిద్దదలిస్తే వేదిక వారిదే. అల్లాహ్ మన అందరికీ సన్మార్గం చూపుగాక. ఆమీన్.